కోకిల కట్టించుకున్న ఇల్లు

"పిట్ట వస్తుందా? నా గూటికి పిట్ట వస్తుందా అనా తల్లీ, నువ్వడుగుతున్నది?"

మావయ్య చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. సగం తాగిన టీ ఆయన పక్కన పెట్టాడంటే అది ఇక చల్లారిపోయినట్టే. మా పనులు కూడా అక్కడితో ఆగిపోయినట్టే.

బయట వాన పట్టీ పట్టనట్టు సన్నగా పడుతోంది. నాది పక్కనే టైలరు షాపు. కొలతల టేపు మెడలో వేసుకునే వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా ఉన్న సెలూనువాడు కూడా షట్టరు సగానికి దించి వచ్చేశాడు, ఈ వానలో గడ్డం గీయించుకోడానికి ఎవడొస్తాడులే అని. టీకొట్టు నడిపే అక్క పొయ్యి దగ్గర నిలబడి పాలు పొంగకుండా చూస్తోంది. మావయ్య అంటే మాలో ఎవరికీ చుట్టం కాదు, వీధి మొత్తానికీ మావయ్యే. టీకొట్టు వెనక రేకుల షెడ్డులో చెక్కతో పిట్టగూళ్ళు చేసి అమ్ముతాడు. ఒకదానిలా ఇంకోటి ఉండదు, ఆ మాట మాత్రం నిజం. ఆయన చేతిలో రంపం కన్నా నోరే ఎక్కువ కోస్తుందని అక్క అంటుంది. అదీ నిజమే.

అడిగిన మనిషి మాకు కొత్త. బస్టాండులో టిక్కెట్ల కౌంటరులో కూర్చుంటుందట. డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చింది. గొడుగు ముడిచి, నీళ్ళు కారుతున్న కొంగు పిండుకుంటూ సంగతంతా చెప్పింది.

"మా అత్తగారు మంచం మీద ఉందండీ. తుంటి విరిగింది. మంచం పక్కనే కిటికీ, కిటికీ ముందు ఓ ముసలి చెట్టుండేది. రోడ్డు వెడల్పు చెయ్యాలని దాన్ని కొట్టేశారు. చెట్టుతో పాటే పిచ్చుకలూ పోయాయి. అప్పట్నుంచి ఆవిడ మాటే మానేసింది. అంతకు ముందు పొద్దున లేస్తూనే వాటినీ నన్నూ కలిపి తిట్టేది, 'లేవండర్రా, ఎండెక్కింది, సిగ్గు లేదూ' అని. ఆ తిట్టు నాకో వాటికో తెలిసేది కాదు. ఇప్పుడు రెండు ముద్దలు తిని గోడ వైపు తిరిగి పడుకుంటుంది. మొన్న కావాలనే కూరలో గుప్పెడు ఉప్పేశాను. ఒక్క మాట కూడా అనకుండా తినేసింది."

"అత్త తిట్టడం లేదని బెంగపెట్టుకున్న కోడల్ని నా జన్మలో ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు సెలూనువాడు.

"నవ్వుకోండి, నాకేం. ఆవిడ తిడితేనే మా ఇంట్లో తెల్లారినట్టుండేది. ఇలాగే ఉంటే ఈ వానాకాలం దాటదేమోనని నా భయం." ఆమె మావయ్య వైపు తిరిగింది. "మీ గూళ్ళు చాలా బాగుంటాయని మా కౌంటరులో చెప్పారు. నాకు అందం అక్కర్లేదు బాబాయ్ గారూ. పిట్ట వస్తుందా? ఆ ఒక్కటీ చెప్పండి."

అదీ ప్రశ్న. మావయ్య ముందు బల్ల మీద, పాత తువ్వాలు కప్పి, నిన్ననే పూర్తయిన గూడు ఉంది. దాని కప్పు మాత్రం తువ్వాలు కిందనుంచి కాస్త కనబడుతోంది. ఆయన దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"కూర్చో తల్లీ. అక్కా, ఆ అమ్మాయికి ఓ టీ ఇవ్వు. ఈ ప్రశ్న నన్నింతవరకు ఒక్కరూ అడగలేదు, ఎందుకంటావ్, అడగాల్సిన అవసరం రాలేదు. పిట్ట వస్తుందా ఏంటి, పిట్టల్ని రాకుండా ఆపలేక నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. మొదటి గూడు సంగతి చెబుతా విను. ఇందులో గొప్పలేమీ లేవు, జరిగింది జరిగినట్టు. అప్పట్లో నేను ఇళ్ళకి తలుపులు చేసేవాణ్ణి. నా తలుపులంటే మామూలు తలుపులు కావు, దొంగ వచ్చినా పగలగొట్టడానికి మనసొప్పక తట్టి పిలిచేవాడు."

"పిలిస్తే తీసేవారా?" అంది అక్క.

"మర్యాదస్తుడైతే తీసేవారు. మధ్యలో అడ్డు రాకు. ఓసారి ఓ తలుపు పూర్తయ్యాక చేతెడు చెక్క మిగిలింది. పొయ్యిలో పెట్టడానికి ప్రాణం ఒప్పలేదు. చిత్రిక పట్టి, నాలుగు గోడలు నిలబెట్టి, పైన కప్పేసి, చిన్న గూడు చేసి షెడ్డు కిటికీలో పెట్టాను. పెట్టి అటు తిరిగి చేతులు కడుక్కున్నానో లేదో, వార్నిషు ఇంకా ఆరనే లేదు, ఓ పిచ్చుక వచ్చి వాలింది. అంతే. పెద్ద విషయమేమీ కాదు."

"ఆ మాత్రం ఎవరికైనా వాలుతుంది," అన్నాన్నేను.

"వాలుతుంది, వాలుతుంది. నీ కుట్టుమిషను మీదా వాలుతుంది. కాని ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పిచ్చుక గూటి చుట్టూ తిరిగింది. అద్దె ఇల్లు చూసుకోడానికి వచ్చినవాడు తిరగడూ, అచ్చం అలా. గోడ మీద ముక్కుతో టకటకా కొట్టింది, గట్టిదో కాదో అని. కప్పెక్కి తొక్కింది. తల అటోసారి ఇటోసారి వంచి చూసింది. మాట్లాడకుండా ఎగిరిపోయింది. నచ్చలేదు కాబోలని నా మనసు చివుక్కుమంది. కాసేపటికి చూస్తే పెళ్ళాన్ని వెంటబెట్టుకొచ్చింది! ఆడపిచ్చుక రావడం రావడమే, వెలుతురు చాలదంది. కిటికీ పెట్టాను. వానజల్లు కొడుతుందంది. చూరు దించాను. పుల్లలూ పీచూ దాచుకోడానికి అటక కావాలంది. అటక కట్టాను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? ఆ మొగుడు పిచ్చుక నా భుజం మీద వాలి, 'నన్నేం చెయ్యమంటావు, అది చెప్పినట్టు కట్టెయ్' అన్నట్టు ఓ చూపు చూసింది. మగవాళ్ళ కష్టం మగవాళ్ళకే తెలుస్తుంది."

"పిచ్చుక మాట్లాడిందా మావా?" సెలూనువాడు కళ్ళు చికిలించాడు.

"నువ్వు కత్తెర ఆడిస్తూ పొద్దస్తమానం వాగుతుంటే జనం వినట్లేదూ? చెక్క పని చేసేవాడి చెవికి పిట్ట మాట పడుతుంది. నీకు పడకపోతే అది పిట్ట తప్పా? పిట్ట కొంచెం కూత ఘనం అన్నారు. ఆ పిచ్చుక నోట్లో నువ్వుగింజ నానదు కదా, ఊరంతా టాంటాం వేసేసింది. మర్నాడు పొద్దున్న షెడ్డు తలుపు తీసి చూద్దును కదా, కరెంటు తీగెల మీద ఈ స్తంభం నుంచి వీధి చివరి దాకా పిట్టలే. వరసలో కూర్చున్నాయి, తోసుకోకుండా, బుద్ధిగా. ఆ బరువుకి తీగెలు సాగిసాగి నా నడుం దాకా దిగాయి. జనం వంగి వంగి నడిచారు. ఇందులో నీకు అనుమానం ఉంటే చెప్పు."

"లేదు లేదు. ఆ రోజు నేను ఊళ్ళో లేనేమో," అన్నాడు సెలూనువాడు.

"లేవు. ఉంటే నీ నడుం నొప్పే చెప్పేది. ఇక ఒక్కోదానికి ఒక్కో కోరిక. గుడ్లగూబకి కిటికీలు వద్దట, పగలు నిద్ర చెడుతుందట. పావురాలది ఉమ్మడి కుటుంబం, వంటగది ఒకటి, గదులు వేరు. కొంగ వచ్చింది, దాని కాళ్ళ పొడుగుకి గుమ్మం ఎంత ఎత్తు పెట్టాలో తేలక తల పట్టుకున్నాను. చిలక తొంగి చూసి అద్దం బిగించమంది. వడ్రంగిపిట్ట అన్నిటికన్నా చివర వచ్చింది, నా పనితనం పరీక్షించడానికి. ముక్కుతో ఒక్కటే ఒక్క దెబ్బ కొట్టి, చెక్క పలికిన పలుకు విని, తల వంచుకుని పక్కకి తప్పుకుంది. పనివాణ్ణి పనివాడే గుర్తుపడతాడు. అన్నిటికీ కట్టిచ్చాను తల్లీ. ఒకదాని ఇల్లు లాంటిది ఇంకోదానికి కట్టలేదు. కాకి పిల్ల కాకికి ముద్దన్నట్టు, ఎవరి ఇల్లు వాళ్ళకి గొప్పగా ఉండాలి కదా."

బస్టాండు అమ్మాయి టీ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని వింటోంది. తాగుతున్నట్టు లేదు.

"మా కిటికీ దగ్గర పిచ్చుకలు కూడా అలాగే పోట్లాడుకునేవి," అంది మెల్లిగా. "వాటికి మా అత్తగారే తీర్పు చెప్పేది."

"చూశావా! ఆవిడకీ పిట్ట మాట తెలుసన్నమాట. అయితే ఇప్పుడు చెప్పబోయేది నీకు బాగా పడుతుంది. ఓ మధ్యాహ్నం, అచ్చం ఇలాంటి వాన. వీధిలో పురుగు లేదు. షెడ్డంతా చిత్రిక పొట్టు, కాలు పెడితే మెత్తగా దిగిపోతోంది. తడిగాలికి చెక్క వాసన మేలుకుంటుంది తల్లీ, నీకు తెలుసో తెలీదో. మామిడి చెక్క ఓ వాసన, వేప చెక్క ఓ వాసన, టేకుదయితే పాత పెట్టె మూత తీసినట్టుంటుంది. ఆ వాసనలో నాకు కన్ను మూతపడుతోంది, కాని నిద్ర కాదు. రేకుల మీద చినుకులు ఒక్కటొక్కటే లెక్కపెడుతున్నట్టు పడుతున్నాయి. అప్పుడు షెడ్డు వెనకనుంచి, ముందువైపు కాదు, వెనకనుంచి, చాలా నెమ్మదిగా, 'ఉన్నారా' అన్నట్టు ఓ పిలుపు. వెళ్ళి చూస్తే కోకిల!"

"వానాకాలంలో కోకిలా?" అన్నాన్నేను.

"అందుకే కదా వెనకనుంచి వచ్చింది, సిగ్గుపడి! తడిసిపోయి, తల దించుకుని నిలబడింది. దాని బతుకు ఆలోచించు. పుట్టింది కాకి ఇంట్లో. పెరిగింది కాకి ఇంట్లో. రేపు తను గుడ్డు పెట్టాలన్నా కాకి ఇల్లే. తాతముత్తాతల నాటి నుంచి సొంతిల్లనే మాట ఎరగని వంశం. అడగలేక అడగలేక అడిగింది. 'నా పాట అందరూ వింటారయ్యా. పాడటం అయ్యాక నేనెక్కడికి పోతానో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు' అంది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఇప్పుడు తలుచుకున్నా ఆగవు, ఇదిగో చూడు."

నిజంగానే ఆయన కళ్ళు తడిశాయి. సెలూనువాడు నవ్వబోయి ఆగాడు.

"దానికి ఏ చెక్క పడితే ఆ చెక్కతో కట్టకూడదు. షెడ్డులో ఉన్న ప్రతి పలకనీ వేలితో కొట్టి చెవి ఆనించి విన్నాను. ఒకటి దగ్గుతుంది, ఒకటి గొణుగుతుంది, ఒక్కటీ పాడదు. చివరికి ఓ మూల, పొట్టు కింద, ఎవరో పారేసిన పాత హార్మోనియం పెట్టె దొరికింది. మెట్లు ఊడిపోయాయి, తిత్తి చిరిగిపోయింది, కాని పెట్టె లోపల పాత పాటలన్నీ అలాగే ఉన్నాయి. ఉలి పెట్టి తడితే చాలు, సన్నగా శ్రుతి పలుకుతోంది. దాంతో కట్టాను. గోడలు పలచగా, చూరు వెడల్పుగా. గాలి వచ్చి తగిలితే ఇల్లే శ్రుతి పట్టుకుంటుంది, కోకిల పాట అందుకోడమే తరువాయి. అది లోపలికి వెళ్ళింది. పాడుతుందనుకుంటే ఏడ్చింది. సొంతింట్లో ఏడవడం కూడా దానికి అదే మొదలు."

అక్క పాల గిన్నె దించి పొయ్యి మంట తగ్గించింది. వాన చప్పుడు ఇప్పుడు బాగా వినబడుతోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుడ్డు పెట్టింది! పెట్టింది గాని, దాని మీద కూర్చోవడం ఎలాగో తెలీదు. ఎలా తెలుస్తుంది, వాళ్ళమ్మకి తెలిస్తే కదా? నించుంటుంది, చుట్టూ తిరుగుతుంది, పాటలు పాడి గుడ్డుని పొదుగుదామని చూస్తుంది. ఇక లాభం లేదని నేనే వెళ్ళి కాకిని పిలుచుకొచ్చాను. కాకి వచ్చి గుమ్మంలో నిలబడి అందుకుంది చూడూ తిట్లు! 'అలా కాదే మొద్దూ! రెక్క కిందకి తీసుకో! అంత బరువు వెయ్యకు, నలిగిపోతుంది! నీకెవరే ఇల్లిచ్చింది, బుద్ధి ఇవ్వడం మరిచిపోయాడు' అని. పొద్దున వచ్చి తిట్టేది, సాయంత్రం వచ్చి తిట్టేది. కోకిల ఒక్క మాట ఎదురు చెబితే ఒట్టు. కాకి ఓ పూట రాకపోతే మెడ చాచి దారి చూసేది."

బస్టాండు అమ్మాయి నవ్వేసింది. వచ్చాక నవ్వడం అదే మొదలు. నవ్వి, వెంటనే పమిట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"అచ్చం మా అత్తగారే," అంది.

ఆ నవ్వుతో మావయ్యకి ఇంకో రెండు రెక్కలు మొలిచాయి. బెంచీ మీద కాళ్ళు పైకి లాక్కుని సర్దుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. సొంతింట్లో, గుడ్డు మీద కూర్చుని, వానాకాలం నట్టనడుమ కోకిల పాడటం మొదలుపెట్టింది. హార్మోనియం గోడలు శ్రుతి వేస్తున్నాయి. ఆ పాట విని ఋతువుకి మతి పోయింది! వసంతం వచ్చేసింది కాబోలు, నేనే ఆలస్యం చేశాను కాబోలని కంగారుపడిపోయింది. వానలోనే చెట్లన్నీ పూశాయి. చెట్లు పూస్తే వింతేముంది, నా షెడ్డులో చెక్కలు చిగురించాయి! గోడకి ఆనించిన పలకలున్నాయే, అవి. ముందు ఎర్రటి మొగ్గ, ఆ తర్వాత వేలెడు లేతాకు. నేను కూర్చున్న పీట వేరు తన్నింది, లేవబోతే లేవదు. చేతిలో ఉలి పిడి పూత పూసింది, పని చేస్తుంటే వేళ్ళ సందుల్లోంచి పూలు రాలుతున్నాయి. కోసేసిన చెక్క చచ్చిపోతుందనుకుంటాం కదా మనం. చావదు తల్లీ. నిద్రపోతుందంతే. తన మీద ఇంతకు ముందు ఎవరు వాలేవారో కలలు కంటూ పడుకుంటుంది. నేను ఊళ్ళో ఎన్ని ఇళ్ళకి తలుపులు చేశానో అన్ని తలుపులూ చిగురించాయి. తలుపు తీస్తే తల మీద పూలు. చుట్టాలు వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయేవారు, లోపలికి రాబుద్ధి కాక."

"నా కటింగు టేబులు చిగురించలేదే మరి?" అన్నాన్నేను.

"నీది ప్లైవుడ్డు."

అక్క పకపకా నవ్వింది. మావయ్య నవ్వలేదు. ఆయన చూపు మా మీద లేదు, వాన అవతల ఎక్కడో ఉంది. గొంతు కూడా తగ్గింది.

"షెడ్డు స్తంభాలు కూడా చెక్కవే కదా. అవీ పెరగడం మొదలుపెట్టాయి. షెడ్డు లేచింది. నేను లోపలే ఉన్నాను. చప్పుడు లేదు, కుదుపు లేదు, నిద్రపోతున్న బిడ్డని ఎత్తుకున్నట్టు లేచింది. కిటికీలోంచి చూస్తే ముందు ఈ టీకొట్టు రేకు, ఆ తర్వాత మేడలు, ఆ తర్వాత మేడల మీద ఆరేసిన బట్టలు, ఆ తర్వాత అన్నీ కలిసిపోయి తడి ముద్ద. మా ఇంటిది పెరట్లో నిలబడి నన్ను కేకేస్తోంది. మనిషి చొక్కా గుండీ అంత కనిపిస్తోంది, గొంతు మాత్రం తగ్గలేదు. అక్క కాచిన టీ వాసన కూడా అక్కడిదాకా వచ్చింది."

"వస్తే దిగి వచ్చి తాగాల్సింది," అంది అక్క.

"దిగబుద్ధి కాలేదక్కా. కొమ్మకొమ్మకీ నేను చేసిన గూళ్ళే కాశాయి. ఇన్నేళ్ళూ నేను చేసి అమ్మినవన్నీ, ఎవరెవరో పట్టుకుపోయినవన్నీ, అన్నీ అక్కడున్నాయి. గుడ్లగూబది, కొంగది, పావురాలది. మబ్బు ఓ కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోతోంది, పోతూపోతూ పొట్టు తడిపిపోతోంది. సాయంకాలమైంది. పిట్టలు తిరిగొస్తున్నాయి. ఏ పిట్టా తన ఇల్లు వెతుక్కోలేదు, తడబడలేదు, తిన్నగా వచ్చి తన గుమ్మంలో తను వాలింది. ఒక్కటొక్కటిగా లోకంలో ఉన్న పిట్టలన్నీ నా చెట్టు మీదకి చేరాక, ఆకాశం వైపు చూశాను. ఖాళీ! ఒక్క రెక్క లేదు. భయం వేసింది కాసేపు, ఇంత ఆకాశాన్ని నేనొక్కణ్ణే ఖాళీ చేశానా అని. అప్పుడు అన్నీ కలిసి మెల్లిగా గొణుక్కుంటూ, సర్దుకుంటూ, రెక్కలు ముడుచుకుంటూ ఓ చప్పుడు చేశాయి. ఇంట్లో అందరూ వచ్చేశాక, తలుపేసుకున్నాక, ఓ చప్పుడుంటుంది చూడు. ఆ చప్పుడు."

సెలూనువాడి నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"అన్నీ ఇళ్ళల్లోకి వెళ్ళాయి, నేనొక్కణ్ణే బయట. అది చూసి గిజిగాళ్ళకి జాలేసింది. ఇంతమందికి కట్టినవాడికి గూడు లేదా అని, గడ్డిపోచలు తెచ్చి నా చుట్టూ అల్లేశాయి. పడుకున్నాను. బరువు లేదు తల్లీ. నా ఒళ్ళు నాకు లేదు. గాలి ఊపితే ఊగడం, కోకిల పాడితే వినడం, అంతకు మించి పనే లేదు. అలాగే నిద్రపోయాను. పొద్దున లేచేసరికి ఆ గూడు గూడుతోనే తెచ్చి నన్ను మా ఇంటి గుమ్మం ముందు దింపేశాయి. మా ఇంటిది తలుపు తీసి, ఒంటినిండా ఈ గడ్డేంటి, ఎక్కడ దొర్లి వచ్చావు అంది. ఏం చెప్పను? చెబితే నమ్ముతుందా?"

"నమ్మదు. బొత్తిగా నమ్మకం లేని మనిషి," అన్నాడు సెలూనువాడు. "మరి ఆ చెట్టేది మావా? షెడ్డు ఎక్కడిదక్కడే ఉందిగా."

"ఋతువుకి బుద్ధొచ్చింది. పొరపాటు తెలుసుకుని ఆకులు రాల్చేసుకుంది, చెట్టు కుంగి మళ్ళీ చెక్కలైంది. ఆ చెక్కే," అంటూ మావయ్య తువ్వాలు పట్టుకుని ఆగాడు, "ఆ చెక్కతో చేసిందే తల్లీ ఈ గూడు. పిట్ట వస్తుందా అని అడిగావు. నువ్వు ఇల్లు చేరేలోపు సంచీలోనే ఓ జంట కాపురం పెడుతుంది. వారం తిరక్కముందే మీ అత్తగారు ఆ గోల భరించలేక కిటికీ మూయమని నిన్ను బతిమాలకపోతే నా పేరు మార్చి పిలువు."

తువ్వాలు తీశాడు.

చూడగానే అందరం ముందుకు వంగాం. ఆయన మాటలెలా ఉన్నా చేతిపని అలాంటిది. గోరంత పెంకులు ఒకదాని మీద ఒకటి పేర్చిన కప్పు. ముందు వసారా, వసారాకి కటకటాలు. రెండు చిన్న కిటికీలు, వాటికి అద్దం ముక్కలు. తలుపు మీద తీగె, తీగెకి ఆకులు, ఒక్కో ఆకుకీ ఈనెలు. తలుపుకి ఇత్తడి గొళ్ళెం. ఆమె దాన్ని ఒళ్ళోకి తీసుకుని, వేలి చివరతో తీగె పొడుగునా రాసింది. చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. వెనక్కి తిప్పి చూసింది. ఎత్తి అడుగు కూడా చూసింది.

"బాబాయ్ గారూ," అంది. "పిట్ట లోపలికి ఎటునుంచి వెళ్తుంది?"

"అదేం ప్రశ్న? తలుపులోంచి!"

"తలుపుకి గొళ్ళెం పెట్టి ఉంది కదా."

"తీస్తే వస్తుంది."

"ఎవరు తియ్యాలి?"

మావయ్య గూడు ఆమె ఒళ్ళోంచి తీసుకుని, గోటితో గొళ్ళెం పైకెత్తి, తలుపు బార్లా తెరిచి పెట్టాడు. ఇంతేగా, ఇందులో ఏముంది అన్నట్టు మా వైపు చూశాడు. మంచి తలుపు ఎలా ఉండాలో ఆయనకి బాగా తెలుసు. ఆ తలుపు ఎవరూ తోయకుండానే, చప్పుడు చేయకుండా, నిదానంగా తనంతట తనే మూసుకుంది. గొళ్ళెం టక్కున పడింది.

ఇంకోసారి తెరిచాడు. మళ్ళీ మూసుకుంది.

సెలూనువాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కాని మావయ్య మొహం చూశాక ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా పక్కనే ఉన్నాం, ఆయన గూళ్ళు మా కళ్ళ ముందే ఎన్నో వెళ్ళాయి. కన్నం లేదన్న సంగతి మాలో ఒక్కడికీ తట్టలేదు.

"ఎలా తెలుస్తుందిలే మావయ్యా," అంది అక్క. "కొన్నవాళ్ళంతా హాల్లో షోకేసుల్లో పెట్టుకున్నారు. పైన దుమ్ము పడకుండా అద్దం కూడా బిగించారు. వానకి తడిసింది ఒక్కటైనా ఉందా? పిట్ట కోసం కావాలని వచ్చింది ఈ అమ్మాయి ఒక్కతే."

మావయ్య గూటి వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎప్పుడూ లేనిది భుజాలు వంగిపోయాయి. లేచి షెడ్డులోకి వెళ్ళాడు. అలిగి వెళ్ళాడేమో అనుకున్నాం. చెక్కకి బెజ్జం వేసే బరమా పట్టుకుని తిరిగొచ్చాడు. కూర్చుని, గూడు మోకాళ్ళ మధ్య బిగించి, బరమా మొన తెచ్చి తలుపు మీద, ఆ తీగె మధ్యలో, ఆకులన్నీ కలిసే చోట ఆనించాడు. అక్క "అయ్యో" అంది. ఆయన చెయ్యి అక్కడే ఆగింది.

"పిచ్చుకకి," అన్నాడు, గొంతు మాకు వినబడీ వినబడనట్టు, "ఎంత కన్నం కావాలి?"

సెలూనువాడు పిడికిలి చూపించాడు. నేను టేపు విప్పి అంత అక్కర్లేదన్నాను. అక్క బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించింది. ముగ్గురం మాటామాటా అనుకున్నాం. లోకంలో పిట్టలన్నిటికీ ఇళ్ళు కట్టిన మనిషి మా చేతుల వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

"మా అత్తగారికి తెలుసు," అంది బస్టాండు అమ్మాయి. "ఆ చెట్టు తొర్రలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు."

"అయితే అడిగి వచ్చి చెప్పు తల్లీ. తవ్వి ఉంచుతాను."

"నేనడిగితే పలకదు. మీరే రండి."

"నేనొచ్చి ఏం చేస్తాను?" అన్నాడు మావయ్య. "నాకేం తెలుసు? నా గూటికి ఇంతవరకు ఒక్క పిట్ట రాలేదమ్మా."

ఆమె లేచి, గూటిని తువ్వాలులో జాగ్రత్తగా చుట్టి ఆయన చేతికిచ్చింది. గొడుగు విప్పి ఆయన వైపు కూడా పట్టింది.

"పిట్టొచ్చినప్పుడు వస్తుంది. మీరు ముందు మా అత్తగారి మంచం పక్కన కూర్చుని, ఇప్పుడు మాకు చెప్పిందంతా చెప్పండి. ఆ కోకిలా, ఆ హార్మోనియం పెట్టె, పైకి లేచిన షెడ్డూ, ఒక్కటీ వదలకుండా. తిండి లేకపోయినా ఉంటుంది గాని, ఇన్ని అబద్ధాలు విని తిట్టకుండా ఉండటం ఆవిడ వల్ల కాదు."